తుప్పు ఎక్కడుందో చెప్పి అమ్మండి

(మిషిగన్‌లో మన తెలుగువాళ్ళ శనివారం సమావేశంలో చేసిన ప్రసంగం. చివర సభలోవారు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

మొన్నీమధ్య మన కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అంకుల్, ఒహాయోలో 67 మోడల్ మస్టాంగ్ కారు ఒకటుంది. ఇంజన్ స్టార్టయ్యే వీడియో కూడా పంపారు. అడ్వాన్స్ పంపేయనా?" అన్నాడు. "కారు కింద పడుకుని చూశావా నాన్నా?" అని అడిగాను. చూడలేదన్నాడు. నీ బదులు ఎవరైనా వెళ్ళి చూశారా అంటే, లేదన్నాడు. అయితే ఇంజన్ మోగుతుందన్న ఒక్క సంగతి తప్ప ఆ కారు గురించి నీకేమీ తెలియదన్నమాట అన్నాను. ఆ రోజు ఫోన్‌లో పూర్తిగా చెప్పలేకపోయాను. ఆ మిగతా మాటలే ఇవాళ మీ అందరి ముందూ చెబుతాను.

నేను ముప్ఫై ఏళ్ళు ఈ డెట్రాయిట్ చుట్టుపక్కలే కార్ల బాడీ రేకుల మీద పనిచేసి రిటైరయ్యాను. పాత అమెరికన్ కార్లు, అవీ బాగుచేయాల్సిన స్థితిలో ఉన్నవి, ఇప్పటికి ఏడు కొన్నాను, అయిదు అమ్మాను. వ్యాపారంగా కాదు, ఇష్టంతో. కానీ కొనడం అమ్మడం నేను మొదట నేర్చుకున్నది ఇక్కడ కాదు, మా తాతగారి వెనకాల ఎడ్ల సంతలో. ఆయన ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసేవారు. సుళ్ళు చూసేవారు. నాలుగడుగులు నడిపించి గిట్టలు ఎలా వేస్తోందో చూసేవారు. కొమ్ములకు కొత్తగా రంగు పూసిన ఎద్దు దగ్గర మాత్రం ఇంకాస్త ఎక్కువసేపు నిలబడేవారు. ఇవన్నీ అయ్యాకే తువాలు కింద చెయ్యి పెట్టి వేళ్ళతో బేరమాడేవారు. పాత కారు దగ్గర నేను ఇప్పటికీ చేసేది అదే.

ముందు తుప్పు సంగతి. డెట్రాయిట్ నగరం కింద 1,100 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. మీలో కొందరికి తెలిసే ఉంటుంది. వందేళ్ళకు పైగా ఆ గని ఉంది. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లేది ఆ ఉప్పే. పైనేమో కార్లు కట్టే ఊరు, దాని కిందే ఆ కార్లను తినేసే ఉప్పు. 1960ల నాటి కార్ల రేకులకు ఇప్పటిలాగా జింకు రక్షణ లేదు. అందుకే మన దగ్గర, ఒహాయోలో, పెన్సిల్వేనియాలో తిరిగిన కారు పైకి నిగనిగలాడుతున్నా కింద జల్లెడలా ఉండొచ్చు.

ఇంజన్ పాడైతే ఇంకో ఇంజన్ దొరుకుతుంది. గేర్‌బాక్స్ దొరుకుతుంది, సీట్లు దొరుకుతాయి. బాడీ విషయం అలా కాదు. 57 మోడల్ షెవ్రొలే లాంటి కార్లలో కింద విడిగా ఒక ఛాసిస్, అంటే ఇనుప చట్రం, ఉంటుంది, దాని మీద బాడీ కూర్చుంటుంది. మస్టాంగ్‌లో విడి ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. ఫ్లోర్ పాన్, అంటే కారు అడుగు రేకు, పోయిందంటే, దాని చివర బలానికి పెట్టిన టార్క్ బాక్సులు పోయాయంటే, అది కాళ్ళ కింద రేకు చిల్లి పడటంతో ఆగదు. కారు వెన్నెముకే మెత్తబడిందని అర్థం. కన్వర్టిబుల్‌కి పైకప్పు ఊతం కూడా లేదు కాబట్టి ఇంకా ప్రమాదం. అలాంటి కారుని జాకీ మీద లేపి డోరు వేసి చూడండి. పట్టేస్తూ ఉంటే నడుము వంగిపోయిందన్నమాట. అక్కడితో వదిలేసి ఇంటికి వచ్చేయొచ్చు.

నాకు జరిగింది చెబుతాను. 2009లో 1966 మస్టాంగ్ కూపే ఒకటి కొన్నాను, 6,500 డాలర్లకి. అమ్మినాయన "ఇది కాలిఫోర్నియా కారు, ఉప్పు మొహం చూడలేదు" అన్నారు. లోపల కొత్త కార్పెట్ వేసి ఉంది. బాగుందనుకున్నాను. కార్పెట్ ఎత్తి చూపించమని అడగడానికి మొహమాటపడ్డాను. ఇంటికి తెచ్చిన మూడో వారం పెద్ద వాన పడింది. పొద్దున్నే డోరు తీస్తే తడిసిన గోనెసంచి వాసన. కార్పెట్ ఎత్తాను. డ్రైవరు కాళ్ళ దగ్గర నల్లటి తారు మందంగా పూసి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే కింద సన్నటి రేకు ముక్క, చుట్టూ రివెట్లు. ఆ రేకు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా తగులుతున్నాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూస్తే అదొక పాత నంబర్ ప్లేటు. చిల్లి మూయడానికి దాన్నే అక్కడ బిగించారు. దాని మీద పెన్సిల్వేనియా అని ఉంది.

కారు కాలిఫోర్నియాలో పుట్టిన మాట నిజమే. బతికింది మాత్రం మంచులో.

నీళ్ళు లోపలికి ఎక్కడినుంచి వచ్చాయో కూడా చెప్పాలి, ఎందుకంటే మస్టాంగ్ కొనేవాళ్ళు అందరికంటే ఎక్కువ మోసపోయేది అక్కడే. ముందు అద్దం కింద, హుడ్‌కి (ఇంజన్ మీది మూతకి) వెనక, సన్నని చీలికలున్న రేకు ఒకటి ఉంటుంది. దాన్ని కౌల్ అంటారు. బయటి గాలి లోపలికి రావడానికి పెట్టిన దారి. చీలికల్లోంచి వాన నీళ్ళు, ఆకులు కూడా పడతాయి. లోపల గాలి వెళ్ళే రంధ్రం చుట్టూ టోపీ అంచులా రేకు లేచి ఉంటుంది, నీళ్ళు దాన్ని దాటకుండా పక్కలకు పారిపోవాలి. ఆకులు కుళ్ళి అక్కడే పేరుకుంటే యాభై ఏళ్ళలో ఆ టోపీ తుప్పుపట్టి రాలిపోతుంది. బయటినుంచి ఏమీ కనపడదు. పై రేకు, కింద రేకు కలిపి వెల్డ్ చేసేశారు, మధ్యలోకి చెయ్యి పెట్టలేం. నా కారుకి ఆ స్పాట్ వెల్డులన్నీ ఒక్కొక్కటీ డ్రిల్లుతో విప్పి, పై రేకు ఊడదీసి, కిందది కొత్తది వేసి మళ్ళీ అతికేసరికి ఒక చలికాలం వారాంతాలన్నీ అయిపోయాయి. ఆ తర్వాత ఫ్లోరు, ఆ తర్వాత రంగు. రంగు షాపుకే ఇచ్చాను. లెక్క కడితే ఆ కారు మీద మొత్తం 31,000 డాలర్లు పెట్టాను. అదే కారు, అదే రంగు, అంతా పూర్తయి తళతళలాడుతూ ఉన్నది అప్పట్లో 18,000కి దొరికేది. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, డబ్బుల సంగతి వచ్చినప్పుడు మళ్ళీ చెబుతాను.

కాబట్టి చూడటానికి వెళ్ళేటప్పుడు నేను తీసుకెళ్ళేవి: టార్చిలైటు, గుడ్డ చుట్టిన ఫ్రిజ్ అయస్కాంతం, మోకాళ్ళ కింద వేసుకోవడానికి ఒక చాప, ఒక బాటిల్ నీళ్ళు. చక్రాల పైన, డోర్ల కింద, వెనక రెక్కల అడుగున అయస్కాంతం ఆనిస్తాను. పట్టుకోకుండా జారిపోతే రంగు కింద రేకు లేదు, బాండో ఉంది. మన గోడలకు పెట్టే లప్పం లాంటిదే అది. కార్వెట్ మాత్రం ఫైబర్ బాడీ, దానికి అయస్కాంతం ఎక్కడా అంటుకోదు, కంగారుపడకండి. దానికి తుప్పు పట్టేది లోపలి ఇనుప చట్రానికి. అమ్మేవాళ్ళ అనుమతి తీసుకుని కౌల్ మీద నీళ్ళు పోస్తాను, లోపల డాష్ కింద టార్చి వేసి చూస్తాను. నీళ్ళు పోయనివ్వనంటే నాకు జవాబు దొరికినట్టే.

ఇప్పుడు నంబర్లు, అంటే ఫ్యాక్టరీలో ప్రతి కారుకీ కొట్టే వీఐఎన్ నంబరు సంగతి. నాకు ఇదంటే చాలా ఇష్టం. మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో జనం ముందుకొచ్చింది, మొదటి ధర 2,368 డాలర్లు. తొలి ఏళ్ళ మస్టాంగ్ నంబరు చదవడం వస్తే ఆ కారు జాతకం చదివినట్టే. నా కారు నంబరు 6ఆర్07సి అని మొదలవుతుంది. ఆరు అంటే 1966 మోడల్. ఆర్ అంటే శాన్ హోసే ఫ్యాక్టరీలో తయారైంది. ఆ ఫ్యాక్టరీ నిజానికి ఉన్నది కాలిఫోర్నియా మిల్పిటస్‌లో. బే ఏరియాలో మన చుట్టాలున్నవాళ్ళు అక్కడి గ్రేట్ మాల్‌కి ఎన్నోసార్లు వెళ్ళి ఉంటారు, అదే ఆ ఫ్యాక్టరీ. 1983లో మూశారు, తర్వాత మాల్ చేశారు. మీరు చెప్పులు కొనుక్కున్న చోట ఒకప్పుడు మస్టాంగ్‌లు వరసగా బయటికొచ్చేవి. ఎఫ్ ఉంటే మన డియర్‌బార్న్. టి ఉంటే న్యూజెర్సీలో మెటచన్. తర్వాతి 07 అంటే మామూలు రెండు డోర్ల కూపే, 08 పైకప్పు మడిచే కన్వర్టిబుల్, 09 వెనక కప్పు ఏటవాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్. దాని తర్వాతి అక్షరం ఇంజన్. 1966లో టి అంటే ఆరు సిలిండర్లు, సి, ఎ, కె మూడూ 289 ఘనపు అంగుళాల వి8లు, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు. కె అంటే 271 హార్స్‌పవర్ది, అందుకే దానికి అంత ధర.

ఇక్కడే మోసం కూడా దొరికిపోతుంది. 1966లో జీటీ అనే స్పోర్ట్స్ ప్యాకేజీ ఎ ఇంజన్‌కీ కె ఇంజన్‌కీ మాత్రమే ఇచ్చారు. సి ఉన్న కారుకి జీటీ బ్యాడ్జి, ఫాగ్ లైట్లు ఉంటే ఎవరో తర్వాత పెట్టుకున్నవి. పెట్టుకోవడం తప్పుకాదు, జీటీ ధరకి అమ్మడం తప్పు. ఇంకో సంగతి, చక్రం దగ్గర వంగి నట్లు లెక్కపెట్టండి. ఆ ఏళ్ళ మస్టాంగ్‌లో ఆరు సిలిండర్ల కారుకి నాలుగు, వి8కి అయిదు. నంబర్లో టి ఉండి హుడ్ కింద వి8 ఉంటే, కింద బ్రేకులు, ఇరుసు కూడా మార్చారా లేక ఇంజన్ ఒక్కటే కుక్కారా అన్నది ఆ నట్లే చెబుతాయి. డోరు మీది ప్లేటుని నమ్మకండి, అది కేటలాగ్‌లో కొత్తది చేయించుకోవచ్చు. హుడ్ ఎత్తి, డ్రైవరు వైపు లోపలి ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే) రేకు మీద కొట్టిన నంబరు చూడండి.

షెవ్రొలేల దగ్గర ఈ సుఖం లేదు. 1972కి ముందు వాటి నంబర్లో ఏ ఇంజనో ఉండదు. 1969 షెవెల్ ఎస్‌ఎస్ 396 (పెద్ద ఇంజన్ ఉన్న స్పోర్ట్స్ రకం) అని అమ్ముతున్న కారు పుట్టుకతో ఎస్‌ఎస్సా, మామూలు మాలిబూకి బ్యాడ్జీలు తగిలించారా అన్నది నంబరు చూసి చెప్పలేం. కారులో ఏమేం బిగించాలో రాసిన ఫ్యాక్టరీ బిల్డ్ షీట్ లాంటి కాగితం ఉండాలి. అది ఒక్కోసారి సీటు స్ప్రింగుల మధ్యో పెట్రోలు ట్యాంకు మీదో దొరుకుతుంది. పాంటియాక్ జీటీఓ 1966లో నంబరు 242తో మొదలవుతుంది కాబట్టి తేలిక. 1964, 65ల్లో అది లెమాన్స్ అనే మోడల్ మీద తీసుకునే ఆప్షన్ మాత్రమే, నంబర్లో కనపడదు. దానికి పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి రికార్డు తెప్పించుకోవాలి. ఫోర్డులకైతే 1967 నుంచి మార్టీ రిపోర్టు ఉంది, ఫ్యాక్టరీ రికార్డుల్లోంచి తీసి ఇచ్చేది. నా 66కి అదీ రాదు.

కాగితాల సంగతి. ఊళ్ళో పొలం కొనేటప్పుడు ఏం చేస్తాం? ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు చూస్తాం, అమ్మేవాళ్ళ పేరూ పాసుపుస్తకంలో పేరూ ఒకటేనా అని చూస్తాం. అంత జాగ్రత్త ఉన్న మనమే ఇక్కడికొచ్చి "టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం) తర్వాత పంపిస్తాను" అంటే తలూపుతాం. అమ్మేవాళ్ళ పేరు టైటిల్ మీద ఉండాలి. దాని మీద నంబరు, కారు మీద నంబరు, అంకె అంకె కలవాలి. జార్జియా 1985, అంతకు ముందు మోడళ్ళకు టైటిలే ఇవ్వదు. న్యూయార్క్‌లో 1972, అంతకు ముందువాటికి రిజిస్ట్రేషన్ కాగితమే టైటిల్ కింద లెక్క. అలాంటి చోటినుంచి కొంటే, డబ్బిచ్చే ముందే మన మిషిగన్‌లో బళ్ళ కాగితాలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి వెళ్ళి ఏ కాగితాలు కావాలో అడగండి. టైటిల్ లేకపోయినా వెర్మాంట్‌లో రిజిస్టర్ చేయించుకుంటే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బయటి రాష్ట్రాల వాళ్ళకి 2023లో ఆ దారి మూసేశారు.

ఫ్యాక్టరీ బిగించిన వీఐఎన్ నంబరు ప్లేటు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి. కాన్సస్‌లో ఒకాయన ఇండియానాలో 1959 కార్వెట్ కొన్నారు, 50,000 డాలర్లకి. 2017లో తనిఖీకి తీసుకెళ్తే పోలీసులు కారు పట్టుకున్నారు. కారణమేంటంటే, ఎప్పుడో ఎవరో కారు బాగుచేసేటప్పుడు వీఐఎన్ ప్లేటు ఊడదీసి మళ్ళీ బిగించారు. ఈయన చేసింది కాదు, ఈయనకి తెలియదు కూడా. అప్పటి చట్టం ప్రకారం కారు నాశనం చేయాలి. ఆయన ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2022లో ఆ రాష్ట్రం చట్టమే మార్చింది. ఒక్క ప్లేటు కోసం ఒక మనిషి జీవితంలో అన్నేళ్ళు పోయాయి. మీరు కొనే కారు ప్లేటు రివెట్లు గీతలు పడి, కొత్తగా మెరుస్తూ ఉంటే ఆగి ఆలోచించండి. మీరు రంగు వేయిస్తుంటే ప్లేటుకి టేపు అంటించండి, ఊడదీయకండి.

బాగుచేయాల్సిన కారుకి విలువ ఎక్కడుందో 2013లో నెబ్రాస్కాలో అందరూ చూశారు. పియర్స్ అనే చిన్న ఊళ్ళో రే లాంబ్రెక్ట్ అనే ఆయన 1946 నుంచి 1996 వరకు షెవ్రొలే డీలర్‌షిప్ నడిపారు. అమ్ముడుపోని కార్లు, పాత కార్లు తీసుకుని పక్కన పెట్టేసేవారు. ఆ సెప్టెంబర్‌లో రెండు రోజుల వేలంలో దాదాపు 500 బళ్ళు అమ్మారు. వేలమంది జనం పొలాల్లోకి వచ్చేశారు. 1958 షెవ్రొలే కామియో పికప్ ట్రక్కు ఒకటి, మొత్తం తిరిగింది 1.3 మైళ్ళు, లక్షా నలభై వేల డాలర్లకి పోయింది. దుమ్ము కూడా తుడవలేదు. ఆ దుమ్ము కిందే ఫ్యాక్టరీ రంగు ఉంది కాబట్టి. ఎవరూ చెయ్యి పెట్టని కారు ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం అది. అందుకే మీకు ఎక్కడైనా రంగు వెలిసినా రేకు గట్టిగా ఉన్న కారు దొరికితే, దయచేసి వెంటనే ఇసుక కొట్టించి కొత్త రంగు వేయించకండి. ఒకసారి గీకేశాక ఆ రంగు ఇక రాదు.

డబ్బు సంగతి. ఇందాకటి రెండు అంకెలు, 31,000, 18,000. పనివాళ్ళకి ఇచ్చి చేయించే రెస్టొరేషన్ చాలా కార్లకి వాటి విలువని మించిపోతుంది, ఇది తెలిసే దిగండి. మీ చేత్తో మీరు చేసుకుంటే మీ గంటలకి కూలి రాదు. నాకు ఆ గంటలే కావాలి, అందుకే చేస్తాను. కానీ లాభం కోసం అనుకుంటే, పూర్తయిన కారు కొనుక్కోవడమే చవక. మస్టాంగ్, కమారో, 55 నుంచి 57 దాకా షెవ్రొలేలు అయితే బోల్టు దగ్గర్నుంచి బాడీ మొత్తం దాకా కేటలాగ్‌లో దొరుకుతాయి. అదే ఎవరూ పట్టించుకోని నాలుగు డోర్ల హడ్సన్ కారు చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే, ఒక్క గ్రిల్ ముక్క కోసం అక్టోబర్‌లో పెన్సిల్వేనియా హర్షీలో జరిగే పాత కార్ల సామాన్ల సంతకి మూడేళ్ళు వెళ్ళాల్సి రావచ్చు. హర్షీకి మాత్రం ఏమీ కొనకపోయినా ఒకసారి వెళ్ళండి. వేల దుకాణాలు, నేల మీద పరిచిన తుప్పు ఇనుము, దాన్ని చేత్తో నిమిరి చూసే మనుషులు. నాకు మా ఊరి సంతే గుర్తొస్తుంది.

ఇక అమ్మడం. నేను మీ అందరినీ ప్రాధేయపడి చెప్పేది ఇదే. మీ కారులో అన్నిటికంటే అధ్వాన్నంగా ఉన్న చోటు ఫోటో మొదట పెట్టండి. నల్ల తారు కొట్టకండి, కొత్త కార్పెట్ వేయకండి. నా 57 షెవ్రొలే నాలుగు డోర్లది అమ్మినప్పుడు సగం విప్పేసి ఉంది. ప్రతి బోల్టూ సంచిలో వేసి ఎక్కడిదో చీటీ రాశాను. పాత తుప్పు భాగాలు కూడా పారేయలేదు, వాటి మీద పోతపోసిన తేదీలుంటాయి, కొనేవాళ్ళకి అవి కావాలి. అయోవా నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఇద్దరం కింద పడుకున్నాం. వెనక బాడీ మౌంటు (బాడీని ఛాసిస్‌కి బిగించే చోటు) దగ్గర తుప్పు ఉంది, అది ఫోటోలో సరిగా పడలేదు. నేనే టార్చి వేసి చూపించాను. ఆయన స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశారు, లోపలికి దిగిపోయింది. కాసేపు మాట్లాడలేదు. బయటికొచ్చి నాలుగు వందలు తగ్గించమన్నారు. తగ్గించాను. ఆయన బ్యాంకుకే కలిసి వెళ్ళి, మా ఎదురుగా బ్యాంకువాళ్ళు రాసిన చెక్కు తీసుకున్నాను, మీరూ అలాగే చేయండి, దొంగ చెక్కులు చాలా ఉన్నాయి. రెండేళ్ళ తర్వాత ఆగస్టులో ఇక్కడ జరిగే పాత కార్ల పండగ వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి ఆ కారు ట్రెయిలర్ మీద కాకుండా నడుపుకుంటూ వచ్చారు. నేను రాసిన చీటీలు గ్లోవ్‌బాక్స్‌లో దాచి ఉంచారు, తీసి చూపించారు.

(ప్రశ్నలు)

అడిగినవారు: ఇంజన్ బిగుసుకుపోయి ఉందంటే వదిలేయాలా అండీ?

అక్కర్లేదండీ. ధర తగ్గించమని అడగండి. ఇంటికి తెచ్చాక స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్లలో నూనె పోసి వారం వదిలేయండి. తర్వాత ముందున్న క్రాంక్ బోల్టుకి పొడవాటి రెంచి వేసి మెల్లగా ముందుకీ వెనక్కీ. కదిలితే సంతోషం, కదలకపోతే ఇంకో ఇంజన్. ఫ్లోరు గట్టిగా ఉంటే నేను బిగుసుకున్న ఇంజన్ కారే తీసుకుంటాను.

అడిగినవారు: మా నాన్నగారికి గుంటూరులో పాత ప్లిమత్ ఉండేది. అది ఇక్కడినుంచి వచ్చిందేనా?

బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు క్రైస్లర్ నుంచి విడిభాగాలు తెప్పించి డాడ్జి, ప్లిమత్, డి సోటో బిగించేవారండీ. మీ నాన్నగారిది చాలావరకు అలా తయారైనదే అయ్యుంటుంది. ఇంకా ఉందా? ఉంటే అమ్మకండి ముందు. ఫ్లాట్‌హెడ్ ఆరు సిలిండర్ల ఇంజన్ అయితే సామాన్లు ఇక్కడ ఇప్పటికీ దొరుకుతాయి. మీటింగయ్యాక నన్ను కలవండి, ఫోటోలు చూద్దాం.

సరే, ఆ మూలనున్న అమ్మాయి కౌల్ అంటే అర్థం కాలేదంటోంది. నా 66 బయట పార్కింగ్‌లోనే ఉంది. గోడ దగ్గర నీళ్ళ పైపు ఉంది. ఒకరు పైన నీళ్ళు పట్టండి, ఒకరు టార్చి తీసుకుని లోపల డాష్ కింద చూడండి. రండి.